అండమాన్‌లో అత్తయ్యగారిని కరిచిన చేప

అండమాన్ వెళ్ళొచ్చిన వాళ్ళెవరైనా ఫొటోలు చూపిస్తారు. మా అత్తయ్యగారు కాలి పిక్క చూపిస్తున్నారు. కుడి పిక్క మీద పళ్ళ గాట్లు, చుట్టూ అరచేయంత కమిలిన మచ్చ. మొదట నల్లగా ఉండేది, ఇప్పుడు పసుపు రంగులోకి తిరిగి మానుతోంది. మా వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూసి, బుగ్గలు నొక్కుకుని వెళుతున్నారు. చెప్పిన ప్రతిసారీ ఆ చేప కాస్త పెరుగుతోంది. నిన్న పాలు పోయించుకుంటూ చెప్పినప్పుడు దాదాపు దూడంత అయింది. అది తిమింగలం కాకముందే, నేను పక్కనుండి చూసింది చూసినట్టు రాసి పెట్టడం మంచిదనిపించింది.

బయల్దేరడం

మా మావయ్యగారు పెదకాకానిలో ఒక చిన్న రామాలయంలో అర్చకులు. అర్చకుల ఇంట్లో సెలవు అన్న మాటే ఉండదు. లోకానికంతా పండగంటే విశ్రాంతి, మాకు మాత్రం నాలుగు రెట్లు పని. మావయ్యగారు గుడి వదిలి రాలేరు, ఆయన లేకుండా అత్తయ్యగారు కదలరు. పెళ్ళయ్యాక ఆవిడ చూసిన దూరపు ఊరు తిరుపతి. అది కూడా పొద్దున దర్శనం, సాయంత్రం తిరుగు రైలు.

నేను మంగళగిరిలో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను. నాకూ మా ఆయనకీ అండమాన్ టికెట్లు తీసుకుని నెలల తరబడి రోజులు లెక్కపెట్టుకున్నాను. తీరా చూస్తే ఆయన కాలేజీలో పరీక్షల డ్యూటీ వేశారు. నాకు కోపం ఎక్కువ, నోరు మాత్రం అత్తగారింట్లో కాస్త తక్కువ. అందుకని ఆ రోజంతా గిన్నెలు గట్టిగట్టిగా పెడుతూ నా బాధ ఇంటిల్లిపాదికీ వినిపించాను. సాయంత్రం అత్తయ్యగారు చేటలో మినప్పప్పు ఏరుతూ, తలెత్తకుండానే అన్నారు: "గిన్నెలు సొట్టలు పోతాయే. నేనొస్తా పద."

నవ్వులాటకేమో అనుకున్నాను. ఆవిడ ఏరడం ఆపి, "నీ ఫోనులో చూపించావు చూడు, సముద్రం అడుగున తోటలున్నాయని. అవి చూస్తాను" అన్నారు. మావయ్యగారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే మా ఆయన్ని పిలిచి ఆవిడకి టికెట్ తియ్యమన్నారు.

కారెక్కేటప్పుడు మావయ్యగారు గేటు దాకా వచ్చి నన్ను పక్కకి పిలిచారు. పక్కకి అంటే రెండడుగులే, అత్తయ్యగారికి అంతా వినబడుతూనే ఉంది. "అమ్మా శైలజా, సముద్రం అంటే మన కాలవ కాదు. మీ అత్తయ్య బాధ్యత నీది. మోకాలి దాకా తడిస్తే చాలు, ఆపైన నీళ్ళు రానివ్వకు. ఎలా తీసుకెళుతున్నావో అలా తీసుకొచ్చి నాకు అప్పజెప్పు" అన్నారు. నేను బుద్ధిగా తలూపాను. అత్తయ్యగారు కారు డిక్కీలో పచ్చడి సీసాలు సర్దుకుంటున్నారు.

వారధి మీద, మబ్బుల మీద

గన్నవరం వెళ్ళే దారిలో కృష్ణ వారధి రాగానే అత్తయ్యగారు కారు అద్దం దించి రూపాయి బిళ్ళ విసిరారు. ఏరు దాటితే రూపాయి వెయ్యాలి. మా ఇళ్ళలో ఎవరూ దీని గురించి ఆలోచించరు, చెయ్యి దానంతటదే పోతుంది. వెనక వస్తున్న మోటారు సైకిలతను ఏదో అన్నాడు. ఏమన్నాడో నాకు అర్థమైంది, అత్తయ్యగారికి చెప్పలేదు.

చెన్నైలో విమానం మారాం. కిటికీ పక్క సీటు ఆవిడకే ఇచ్చాను. కింద సముద్రం ఎంతకీ తరగదు. అత్తయ్యగారు కాసేపు ముక్కు అద్దానికి ఆనించి చూశారు, తర్వాత ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఏమైందంటే, "చారెడు ఏరుకే రూపాయి వేశాం. ఇంత గంగమ్మ తల్లిని దాటుతూ ఏమీ వెయ్యకపోతే ఎట్లా? ఈ అద్దం తియ్యరా వీళ్ళు?" అన్నారు. ఎయిర్ హోస్టెస్‌ని పిలవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆవిడ గొణుక్కుంటూ రూపాయి మళ్ళీ కొంగున ముడేసుకున్నారు.

పోర్ట్ బ్లెయిర్

అక్కడ పొద్దు మరీ తొందరగా కుంకుతుంది. మన దగ్గర టీ పెట్టుకునే వేళకి అక్కడ దీపాలు పెట్టేస్తారు. అత్తయ్యగారు గడియారం చెడిపోయిందనుకుని చేతికి కొట్టి చూసుకున్నారు.

బజారులో తెలుగు తెగ వినిపిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో పనుల కోసం వెళ్ళి స్థిరపడిన వాళ్ళట. ఒకామె దగ్గర కొబ్బరి బొండం ధర అడిగితే ఎనభై అంది. దీవి నిండా కొబ్బరి చెట్లే, ధరేమో గుంటూరు కంటే ఎక్కువ. ఆ మాటే అత్తయ్యగారు అంటే, "మిరపకాయలు మీ వీధుల్లో పారబోసుంటాయి, ఇక్కడ కిలో ఎంతో తెలుసా అమ్మా?" అని ఆమె తిప్పికొట్టింది. అత్తయ్యగారికి అది నచ్చింది. సంచీలోంచి మన కారం పొట్లం ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టారు. రెండు బొండాలకి ఒక్కదానికే డబ్బు తీసుకుంది.

హేవ్‌లాక్

పోర్ట్ బ్లెయిర్ నుంచి ఈ దీవికి పెద్ద పడవ మీద రెండు గంటల ప్రయాణం. నేను పడవ కదిలిన దగ్గర్నుంచి ప్లాస్టిక్ కవరు ముఖం దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. కళ్ళు తెరిచినప్పుడల్లా అత్తయ్యగారు ఏదో ఒకటి తింటూ కనబడ్డారు, ఒకసారి సున్నుండ, ఒకసారి జంతిక. ఈవిడనా నేను జాగ్రత్తగా చూసుకోవాల్సింది అనుకున్నాను.

మేం దిగింది ఒక బెంగాలీ ఇంట్లో. ఇంటావిడ పేరు కాజల్. అత్తయ్యగారి వయసే ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి తులసి కోట దగ్గర దీపం పెట్టి శంఖం ఊదింది. మా ఇంట్లో ఊదేది మావయ్యగారు, ఆడవాళ్ళు ఊదగా నేనెప్పుడూ చూడలేదు. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి ఆ శంఖం వైపే చూస్తూ ఉండిపోయారు.

భోజనం దగ్గర మాత్రం కుదరలేదు. పప్పులో పంచదార వేస్తారు. వంకాయ కూరలోనూ తీపే. కాజల్ గారు వాళ్ళ ఇళ్ళల్లో శుభకార్యానికి చేప లేనిదే కుదరదని, పెళ్ళికూతురి ఇంటికి చేపని పసుపు కుంకాలతో అలంకరించి పంపిస్తారని చెప్పింది. వచ్చీరాని హిందీలో విని అది అత్తయ్యగారికి వివరించడానికి నాకు చెమటలు పట్టాయి. ఆవిడ అంతా విని, "పోనీ, దానికీ బొట్టు పెడతారుగా" అని సర్దుకున్నారు. మర్నాటి నుంచి కాజల్ గారు మాకు పెరట్లో వేరే పొయ్యి ఇచ్చింది. గోంగూర పచ్చడి రుచి చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకుని, మళ్ళీ చెయ్యి చాపింది.

మర్నాడు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి అత్తయ్యగారు లేరు. వెతుక్కుంటూ పోతే ఒడ్డున ఉన్న డైవింగ్ షాపులో బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నారు. ఎదురుగా ముప్పై ఏళ్ళ మనిషి, పేరు అప్పలరాజు. అతని తాత టెక్కలి నుంచి వచ్చాడట. ఇతను పుట్టింది పోర్ట్ బ్లెయిర్‌లో, పని సముద్రం అడుగున.

"అంతా మాట్లాడేశానమ్మాయ్. బీపీ చూశారు, నాకంటే నీకే ఎక్కువుంటుంది. రేపు పొద్దున్నే మనిద్దరం దిగుతున్నాం" అన్నారు అత్తయ్యగారు.

"అత్తయ్యగారూ, మావయ్యగారు ఏం చెప్పారు? మోకాలి దాకా అన్నారు."

"అది మన ఊరి కాలవ లెక్క. సముద్రం అడుగుకి పోయాక మోకాలెక్కడో ఎవడు కొలుస్తాడే?"

అప్పలరాజు నవ్వాపుకుంటూ, "గాభరా పడకండమ్మా, నాను మీ వీపు మీది గాలి సిలిండర్ ఒగ్గను. పట్టుకునే ఉంటాను" అన్నాడు. అత్తయ్యగారి పుట్టిల్లు అద్దంకి దగ్గర. ఎండిన సొరకాయ బుర్రలు నడుముకి కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నారట. నాకు ఈత రాదు. రాకపోయినా పరవాలేదట, ఒక్కొక్కరినీ ఒక్కొక్కరు పట్టుకుని తిప్పుతారట. కాదంటే ఆవిడ ఒక్కరే దిగేట్టున్నారు. నేనూ దిగుతానన్నాను.

నీళ్ళ కింద

రబ్బరు సూటు వేసుకోవడం ఒక పెద్ద యుద్ధం. చీర కట్టులో తప్ప అత్తయ్యగారిని నేనెప్పుడూ చూడలేదు. సూటు వేసుకుని బయటికొచ్చి నిలబడితే ఎవరో కొత్త మనిషిలా అనిపించారు. మంగళసూత్రాలు లోపలికి తోసి జిప్పు పెట్టుకున్నారు. ఒడ్డు దగ్గర తక్కువ లోతులో నోటితో ఊపిరి పీల్చడం, మాస్కులోకి నీళ్ళొస్తే ముక్కుతో ఊది బయటికి పంపడం నేర్పారు. నేను ఉప్పునీళ్ళు తాగీ తాగీ నేర్చుకున్నాను. ఆవిడకి రెండోసారికే వచ్చేసింది.

తర్వాత పడవ మీద కొంచెం లోపలికి వెళ్ళాం. నన్ను పట్టుకునేది రోజీ అనే అమ్మాయి, ఈ దీవుల్లోనే మాయాబందర్ వైపు పిల్ల, మాట తక్కువ. అత్తయ్యగారి వెనక అప్పలరాజు. తాడు పట్టుకుని కొంచెం కొంచెంగా దిగాం. చెవులు నొప్పెట్టాయి, ముక్కు మూసి ఊదితే పోయింది. అయిదారు నిలువుల లోతుంటుందేమో. కింద నీలం వెలుతురు.

ఆ అందం గురించి రాయమంటే నాకు చేతకాదు. ఊదా రంగు చేప ఒకటి పగడాన్ని పటుకుపటుకుమని కొరుకుతుంటే ఆ చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. చారల చేపలు పదీ పదిహేను నా మాస్కు అద్దం ముందుకొచ్చి తొంగిచూసి పోయాయి. ఎవరూ నాతో మాట్లాడలేరు, నేను ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. కోపం, భయం రెండూ ఎక్కడికో పోయాయి. ముందు అత్తయ్యగారు రెండు చేతులూ చాపి మెల్లగా వెళుతున్నారు. చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి, మాస్కులో అదొక ఇబ్బంది.

పగడాల మధ్య ఇసుక మైదానం లాంటిది వచ్చింది. అందులో గుండ్రంగా ఒక గుంట, పెద్ద పళ్ళెమంత. చుట్టూ రాళ్ళూ పగడపు ముక్కలూ చెల్లాచెదురుగా ఉన్నాయి కానీ గుంటలో మాత్రం ఒక్క పుల్ల లేదు, చీపురుతో ఊడ్చినంత శుభ్రంగా ఉంది. అత్తయ్యగారు దాని దగ్గర ఆగారు. సూటు ముంజేతి అంచులోకి రెండు వేళ్ళు పోనిచ్చి ఏదో బయటికి లాగారు. ఏమిటా అని చూస్తే ఒక పసుపు కొమ్ము, రూపాయి బిళ్ళ. విమానంలో వెయ్యలేకపోయిన రూపాయి! అప్పలరాజు ఆవిడ వీపు వెనక, పైన ఉన్నాడు. ఆవిడ చేతులు అతనికి కనబడవు. అలికి ముగ్గేసిన చోటు దొరికినట్టే, ఆవిడ వంగి ఆ రెండూ గుంట నడిమధ్యలో భక్తిగా పెట్టి, చేతులు జోడించారు.

అది ఎటునుంచి వచ్చిందో నేను చూడలేదు. పెద్ద చేప. దూడంత కాదు కానీ, చంకనెత్తుకునే బిడ్డంత ఉంది. ఆకుపచ్చా పసుపూ కలిసిన ఒళ్ళు, పైపెదవి మీద నల్లని మీసం లాంటి గీత. దాని వీపు మీద ముల్లు నిక్కబొడుచుకుంది. ఒక్క క్షణం పక్కకి ఒరిగి, ఒంటికన్నుతో అత్తయ్యగారిని చూసింది. ఆ మరుక్షణం ఆవిడ మీదకి దూకింది.

మొదటి దెబ్బకి ఆవిడ కాలికి తొడిగిన రబ్బరు రెక్క అంచు ముక్క ఊడింది. రెండోసారి పిక్క పట్టుకుంది. అత్తయ్యగారు విదిలించుకుంటూ రెండు కాళ్ళూ తన్ని పైకి లేవబోయారు. అలా ఒక్కసారి పైకి పోకూడదని, ఊపిరితిత్తులకి ప్రమాదమని పొద్దున వాళ్ళు పదిసార్లు చెప్పారు. ఆవిడ పైకి లేచినకొద్దీ ఆ చేప ఇంకా రెచ్చిపోయి వెంటపడింది. అప్పలరాజు సిలిండర్ పట్టుకుని ఆవిడని కిందికి లాగి, తన కాళ్ళ రెక్కలు చేపకి అడ్డం పెట్టాడు. ఇసుక లేచిపోయింది. ఆవిడ నోట్లోంచి గాలి గొట్టం జారడం, అప్పలరాజు చెయ్యి దాన్ని వెనక్కి తొయ్యడం చూశాను. అంతే, ఆ తర్వాత ఇసుక తప్ప ఏమీ కనబడలేదు.

నేను అటు వెళ్ళబోయాను. ఈత రాని మనిషిని, వెళ్ళి ఏం చేద్దామనో నాకే తెలియదు. రోజీ నన్ను వెనక నుంచి పట్టుకుని పక్కకి ఈడ్చుకుపోయింది. తర్వాత పైకి తీసుకెళ్ళింది, అదీ చీమ నడకలా. నేను ఎగరబోయినప్పుడల్లా పట్టి ఆపింది. ఆ పిల్లని ఆ కాసేపు ఎన్ని తిట్లు తిట్టుకున్నానో, నోట్లో గొట్టముంది కాబట్టి బతికిపోయింది.

పడవ మీద

పడవలోకి లాగగానే మాస్కు పీకేసి వెతికాను. అత్తయ్యగారు లేరు. పడవ అతను నీళ్ళ వైపు చూపించి వస్తారు, వస్తారు అంటున్నాడు. నీళ్ళు నున్నగా ఉన్నాయి. నాకు పెదకాకాని గేటు దగ్గర మావయ్యగారి ముఖం కనబడింది. ఏమని చెప్పాలి? ఫోను ఎవరికి ముందు చెయ్యాలి? మా ఆయనకా? నిజంగా ఇవే ఆలోచనలు. ఉన్న దేవుళ్ళందరినీ పిలిచాను, పేర్లు గుర్తురాక ఒకరినే రెండేసిసార్లు పిలిచాను.

పడవకి చాలా దూరంగా, నేను చూడని వైపు రెండు తలలు పైకి వచ్చాయి. ఒక చెయ్యి లేచి తల మీద ఆనింది. అంతా బాగానే ఉందని గుర్తు. ఆ చేతికి గాజులున్నాయి. నేను పడవ చెక్క మీద కూలబడి గట్టిగా ఏడ్చేశాను. అంత హాయిగా జన్మలో ఎప్పుడూ ఏడవలేదు.

పైకి లాగాక ఆవిడ కాసేపు దగ్గారు. సూటు కాలు పైకి మడిస్తే పిక్క మీద గాట్లు, రెండు చోట్ల సన్నగా రక్తం. రబ్బరు మందంగా ఉండబట్టి సరిపోయింది. అప్పలరాజు ముఖం పాలిపోయి ఉంది.

"అది ట్రిగ్గర్ చేపమ్మా. గుడ్లు పెట్టినప్పుడు ఎవుల్నీ రానీదు. మొన్న నాను సూసినప్పుడు అక్కడ గూడు లేదు. దాని సరిహద్దు గుంట ఒక్కటే కాదు, గొడుగు తిరగేసినట్టు పైకి పోయేకొద్దీ వెడల్పు. అందుకే పైకి లేస్తే ఒగ్గదు, అడుగునే పక్కకి పారిపోవాలి. అంత దూరం పక్కకి లాక్కుపోయి లేపాను." అని, ఆగి, "కానీ ఊరికే అంత కోపం రాదమ్మా. మీరేటైనా సేసారా?" అన్నాడు.

అత్తయ్యగారు తడి జుట్టు వెనక్కి తోసుకుని, "పసుపు కొమ్మూ రూపాయీ పెట్టాను నాయనా. గంగమ్మకి" అన్నారు.

రోజీకి తెలుగు రాదు, అప్పలరాజు హిందీలో చెప్పాడు. పొద్దుట్నుంచి పళ్ళు కనబడనివ్వని ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పలరాజు రెండు చేతులూ జోడించి, "తల్లీ, గంగమ్మకి పెట్టాల్సింది తీసుకెళ్ళి దాని పిల్లల నెత్తిన పెట్టారా! అది ఏటో నోట కరుచుకుని బయటికి ఉమ్మడం నాను సూసాను, అది మీ రూపాయేనన్నమాట. ఇంకెప్పుడూ నీళ్ళలో ఏటీ ఒగ్గకండి" అన్నాడు.

అత్తయ్యగారు పిక్క తడుముకున్నారు. "దాని తప్పేం లేదులే. అంత శుభ్రంగా ఊడ్చి పెట్టుకుంటే, ఎవరో వచ్చి చెత్త వేసి దణ్ణం పెడితే ఏ తల్లి ఊరుకుంటుంది?" అన్నారు.

ఆసుపత్రి, ఫోను

దీవిలో ప్రభుత్వ ఆసుపత్రి చిన్నదే కానీ డాక్టరు ఓపికగా చూశాడు. కడిగి, మందు రాసి, టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చి, నాలుగు రోజులు తడపొద్దన్నాడు. ఇంకేం భయం లేదా అని నేను నాలుగు విధాలుగా అడిగాను. నాలుగుసార్లూ లేదన్నాడు. బయటికొచ్చి ఒక టీ కొట్టు దగ్గర రెండు టీలు వరసగా తాగాను. పంచదార ఎక్కువైన ఆ టీ అమృతంలా ఉంది.

కాజల్ గారు కథంతా విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇక్కడ రోజూ మేం చేపలు తింటాం, మమ్మల్ని ఒక్కటీ ఏమీ అనలేదు. జన్మలో చేప ముట్టని మనిషిని వెతికి కరిచిందా!" అంది. అది అనువదించి చెబితే అత్తయ్యగారు అందరికంటే ఎక్కువ నవ్వారు.

సాయంత్రం హారతి అయ్యాక మావయ్యగారు ఫోను చేశారు. నా చేతిలోంచి అత్తయ్యగారు ఫోను లాక్కున్నారు.

"ఆ, బాగానే ఉన్నాం. చేపల్ని చూశాం."

అవతల ఏదో అడిగారు.

"దగ్గర్నుంచే చూశాం" అని పెట్టేశారు.

ఒడ్డున

మర్నాడు ఆవిడని ఒడ్డున కుర్చీలో కూర్చోబెట్టి, కాలు ఇంకో కుర్చీ మీద పెట్టాను. గండం గడిచాక వస్తుంది చూడండి కోపం, అది నాకు అప్పుడొచ్చింది. మందు రాస్తూ రాస్తూ అనేశాను.

"మీకేమన్నా అయ్యుంటే నేను ఏ ముఖం పెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళేదాన్ని? మీ బాధ్యత నాదని మావయ్యగారు మరీమరీ చెప్పారు. మీరు నా మాట వింటేగా!"

ఆవిడ ఎదురు తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"నీకు చెప్పారు. నేను పక్కనే ఉన్నాను శైలూ. పచ్చడి సీసాలు సర్దుతున్నా, చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. నీళ్ళు నా కాళ్ళకి ఎంతవరకు తగలాలో నీకు చెప్పారు, నాకు చెప్పలేదు. ఇప్పుడనే కాదు. మా నాన్న నన్ను ఆయనకి అప్పజెప్పాడు. ఆయన మొన్న గేటు దగ్గర నన్ను నీకు అప్పజెప్పారు. యాభయ్యారేళ్ళొచ్చాయి నాకు. ఒక్కసారి నన్ను నాకు అప్పజెప్పరాదూ?"

నేను కూడా అదే చేశానని అప్పుడు తట్టింది. డాక్టరు దగ్గర నొప్పి ఎలా ఉందో కూడా నేనే చెప్పాను, ఆవిడని చెప్పనివ్వలేదు. కాలికి మందు రాయడం పూర్తి చేసి, "నిన్న కింద ఎలా ఉంది అత్తయ్యగారూ, కరవకముందు?" అని అడిగాను.

ఆవిడ ముఖం విచ్చుకుంది. సూర్యుడు అస్తమించేదాకా చెబుతూనే ఉన్నారు. నేను చూడనివి ఎన్నో చూశారు. రాయి కింద రొయ్య ఒకటి మీసాలాడిస్తూ పిలిచిందట. ఒక నీలం చేప తన నీడనే తరుముకుందట. నేను చూసింది ఎక్కువ భాగం ఆవిడ వీపే.

పెదకాకాని

తిరుగు ప్రయాణంలో విశేషం ఏమీ లేదు, అదే విశేషం. పడవ ఊగలేదు, విమానం ఆలస్యం కాలేదు. గన్నవరంలో దిగి గుంటూరు రోడ్డెక్కేసరికి మిర్చి లారీ ఒకటి మా ముందు వెళుతోంది. ఆ ఘాటుకి ఇద్దరం వరసగా తుమ్మాం. ఇంటికి క్షేమంగా చేరామన్న నమ్మకం నాకు ఆ తుమ్ములతో కుదిరింది.

"జారిపడ్డారని చెబుదామా?" అని దారిలో అడిగాను. అత్తయ్యగారు కొంగుతో ముక్కు తుడుచుకుని కిటికీ వైపు తిరిగారు.

మావయ్యగారు అరుగు మీద కూర్చుని తమలపాకులు తుడుస్తున్నారు. అత్తయ్యగారు కారు దిగి కొంచెం కుంటుతూ నడవడం చూసి లేచి నిలబడ్డారు. కళ్ళు ఆవిడ కాలి మీద ఉన్నాయి, మాట మాత్రం నా మీదకి వచ్చింది. "శైలజా, ఏమైందమ్మా మీ అత్తయ్యకి?"

చేతిలో సంచీ కింద పెట్టాను. తలెత్తి అన్నాను: "అత్తయ్యగారినే అడగండి మావయ్యగారూ."

నేనలా ఎదురు చెప్పడం ఆ ఇంట్లో అదే మొదలు. అత్తయ్యగారు అరుగు మీద కూర్చుని, కాలు చాపి, చీర కొంచెం పైకి జరిపి గాట్లు చూపించారు. మొత్తం చెప్పారు. ఏదీ దాచలేదు. అయిదారు నిలువుల లోతు, రబ్బరు సూటు, పసుపు కొమ్ము, మీసాల చేప, నోట్లోంచి జారిన గొట్టం, అన్నీ. ఆ చెప్పడంలో చేప ఇంకా పెరగలేదు, ఉన్నంతే ఉంది. వింటూ వింటూ మావయ్యగారు మెల్లగా ఆవిడ పక్కన కూర్చున్నారు. ఒక చెయ్యి ఆవిడ పిక్క మీద పెట్టారు, నొప్పెడుతుందేమోనని మళ్ళీ తీసేశారు. ఇప్పుడు తిడతారు, ఇప్పుడు తిడతారు అని గోడకి ఆనుకుని నిలబడ్డాను.

అంతా విని ఆయన అడిగారు: "పాపం, గుడ్లకేమీ కాలేదు కదా?"

"ఏమోనండీ. మళ్ళీ దిగి చూస్తేగానీ చెప్పలేను" అన్నారు అత్తయ్యగారు.

మావయ్యగారు అలవాటుగా నా వైపు తిరగబోయి, సగంలో ఆగిపోయారు. తర్వాత ఆవిడనే అడిగారు.

"ఎప్పుడు?"